ఆ మాట చివర ఉన్న ‘డి’



ఆదివారం పొద్దున గుడికి వెళ్లే వేళకి క్రైస్తవుల ఇళ్లలో ఏం జరుగుతుంటుందో ఆ ఇళ్లలో పుట్టినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. స్నానానికి వంతులు. ఇస్త్రీపెట్టె కింద తెల్లచీర. చిన్నవాడి బూటు ఒకటే దొరికింది, రెండోది మంచం కింద ఎక్కడో ఉంది. గుడి మైకులో మొదటి పాట అయిపోవచ్చింది. ప్రతి వారం మీవల్లే ఆలస్యమని ఆయన, ఒక్క వారమైనా ఒక చెయ్యి వేశారా అని ఆవిడ. ఈ రభసంతా జరిగే గదిలోనే గోడకి ఒక క్యాలెండరు వేలాడుతుంటుంది. దాని మీద గులాబీపూలు, పూల కింద ఒక వాక్యం. ప్రభువులో ఎప్పుడూ ఆనందించమని చెప్పే వాక్యం. ఫిలిప్పీ పత్రిక 4వ అధ్యాయం, 4వ వచనం.

ఆ క్యాలెండరు మా ఇంట్లోనూ ఉండేది. దాని వంక చూసినప్పుడల్లా నాకు లోపల చిన్నతనంగా ఉండేది. ఆనందించమంటే ఆనందించడం ఎలా? ఆకలి వెయ్యమంటే వేస్తుందా, నిద్ర పట్టమంటే పడుతుందా? నమ్మకం ఉన్నవాడికి ఆనందం ఉండాలంటారు. నాకు లేదు కాబట్టి నా నమ్మకమే డొల్లేమోనని భయం. ఈ భయం నా ఒక్కడిదే అనుకున్నాను. గుడిలో పక్కన కూర్చున్నవాళ్లు బాగానే పాడుతున్నారు, చేతులెత్తుతున్నారు, ‘ప్రైజ్ ద లార్డ్ బ్రదర్’ అంటూ నవ్వుతున్నారు. వాళ్లలో చాలామంది నన్ను చూసి ఇదే అనుకుంటున్నారని తెలియడానికి నాకు ఏళ్లు పట్టింది.

నేను 31 ఏళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పాను. ఏకవచనం, బహువచనం ఆరో తరగతి పిల్లల చేత వల్లె వేయించినవాణ్ణి. అలాంటి నాకు ఆ వాక్యంలో ఉన్న వ్యాకరణం రిటైరయ్యేదాకా కంటికి ఆనలేదు. పాత తెలుగు బైబిల్లో అక్కడున్న మాట ‘ఆనందించుము’ కాదు, ‘ఆనందించుడి’. ఒక్కడితో చెబితే చివర ‘ము’ వస్తుంది. పదిమందితో చెబితే ‘డి’ వస్తుంది. మర్యాద కోసం వాడిన బహువచనమేమో అంటారా? కాదు. ఆ బైబిల్లో దేవుణ్ణి కూడా ‘నీవు’ అనే పిలుస్తాం. గౌరవానికి బహువచనం వాడే అలవాటు ఆ భాషకి లేదు. కాబట్టి అది మర్యాద ‘డి’ కాదు, మంది ‘డి’. గ్రీకు మూలంలోనూ అది బహువచనమే. ఆ పత్రిక రాసిన పౌలు ఒక మనిషిని పక్కకి పిలిచి, నువ్వు సంతోషంగా ఉండవయ్యా అని చెప్పలేదు. ఒక ఊళ్లో ఉన్న సంఘం మొత్తానికి కలిపి చెప్పాడు. నేనేమో దాన్ని గులాబీపూల కింద ఒంటరిగా నిలబడి చదువుకున్నాను.

ఆ ఊరు ఫిలిప్పీ. ఇప్పుడు గ్రీసు దేశపు ఉత్తర భాగంలో శిథిలాలుగా మిగిలింది. అలెగ్జాండరు తండ్రి ఫిలిప్పు పేరు మీద వెలిసిన ఊరు. తర్వాత రోమా సైన్యంలో పనిచేసి విరమించినవాళ్లకి అక్కడ భూములిచ్చి స్థిరపరిచారు. అక్కడ సంఘం ఎలా మొదలైందో అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఉంది. ఊరి బయట నది ఒడ్డున ప్రార్థనకి చేరిన కొందరు ఆడవాళ్లు, వాళ్లలో ఊదారంగు బట్టలమ్మే లూదియ. మొదట్లో అంతే. ఆ తర్వాత కొన్నాళ్లకి గొడవైంది. పౌలునీ, ఆయనతో ఉన్న సీలనీ బెత్తాలతో కొట్టి, లోపలి చెరలో పడేసి, కాళ్లకి బొండ వేసి బిగించారు. అర్ధరాత్రి వేళ ఆ ఇద్దరూ పాటలు పాడారు.

ఈ కథ మనం ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. ప్రసంగాల్లో అక్కడే ఆగుతాం. వీపు మీద దెబ్బలు పచ్చిగా ఉండగా వాళ్లు పాడారు, మీకేం రోగం అని గద్దిస్తాం. నన్ను మాత్రం ఇందులో రెండు చిన్న సంగతులు పట్టుకున్నాయి. ఒకటి, అక్కడ ఇద్దరున్నారు. ఒక్కడే అయితే పాడేవాడో, గోడకి తిరిగి పడుకునేవాడో. ఒకాయన పాట ఎత్తుకుని నొప్పికి మధ్యలో ఆపేస్తే రెండో ఆయన అందుకుని ఉంటాడు. రెండోది, భూకంపం వచ్చి తలుపులు తెరుచుకున్నాక జరిగింది. చెరసాల అధికారి వాళ్లని తీసుకెళ్లి ఆ రాత్రే గాయాలు కడిగాడు. ఇంటికి పిలిచి భోజనం పెట్టాడు. ఈ కథ రాసిన లూకా ఆనందం అనే మాటని వాడింది చెరలో పాట దగ్గర కాదు, ఈ భోజనం దగ్గర. ఆ ఇంటిల్లిపాదీ ఆనందించారని రాశాడు. బొండ బిగించినవాడూ, బిగించుకున్నవాళ్లూ ఒకే వరసలో కూర్చుని తింటున్నారు. మజ్జిగన్నమో, రొట్టెముక్కో, ఏం పెట్టాడో మనకి తెలియదు గానీ, నిద్రలేపి వండించి పెట్టాడు.

కొన్నేళ్ల తర్వాత ఆ సంఘానికే పౌలు ఉత్తరం రాశాడు. అప్పుడూ చెరలోనే ఉన్నాడు. రోములో అని చాలామంది అంటారు, ఎఫెసులో అని కొందరు. నాలుగే అధ్యాయాలు. తీరిగ్గా చదివినా పావుగంట. ఆ పావుగంటలో ఆనందం, ఆనందించడం అనే అర్థమున్న గ్రీకు మాటలు 16 సార్లు వస్తాయి. అందుకే దానికి ఆనంద పత్రిక అని పేరు. నన్నడిగితే అది ఒక రకంగా రసీదు. ఫిలిప్పీ వాళ్లు ఎపఫ్రొదితు అనే ఆయన చేతికి సాయం ఇచ్చి పంపారు. అది అందిందని పౌలు రాశాడు. తెచ్చిన మనిషి జబ్బుపడి చావుదాకా పోయి వచ్చాడు. తన జబ్బు సంగతి ఊళ్లో వాళ్లకి తెలిసిపోయిందే అని ఆయనకి బెంగ. అందుకని ఇతన్ని పంపించేస్తున్నాను, మీరు చూసి సంతోషిస్తే నాకూ దిగులు తగ్గుతుంది అంటాడు పౌలు. దిగులు తగ్గుతుంది అన్నాడు, గమనించండి. దిగులు లేదనలేదు.

ఇక క్యాలెండరు వాక్యం. దానికి సరిగ్గా రెండు వచనాల పైన ఏముందో ఎప్పుడైనా చూశారా? యువొదియ, సుంటుకే అని ఇద్దరు ఆడవాళ్ల పేర్లు. సువార్త పనిలో పౌలుతో కలిసి పాటుపడినవాళ్లు. ఇప్పుడు వాళ్లిద్దరికీ పడటం లేదు. ఎందుకు పడలేదో ఆయన రాయలేదు. మన సంఘాలు చూసినవాళ్లకి ఊహించుకోవడం కష్టం కాదు. స్త్రీల సమాజానికి ఎవరు అధ్యక్షురాలు, క్రిస్మస్‌కి ఎవరి ఇంట్లో వంట, అంతకంటే పెద్ద విషయం అయి ఉండదు. పౌలు యువొదియని బతిమాలాడు, సుంటుకేని బతిమాలాడు. ఇద్దరికీ కలిపి ఒకసారి చెప్పి ఊరుకోలేదు, ఆ క్రియని రెండు పేర్లకీ విడివిడిగా వాడాడు. ఒకరి పక్షం వహించాడనే మాట రాకూడదు కదా. మధ్యలో ఉన్న ఇంకో మనిషిని కాస్త సాయం పట్టమన్నాడు. అప్పుడు వస్తుంది, ఆనందించుడి. ఆ ఉత్తరం సంఘంలో పైకి చదువుతున్నప్పుడు ఆ ఇద్దరూ అక్కడే, చెరో మూల కూర్చుని ఉంటారు. క్యాలెండర్లు అచ్చువేసేవాళ్లు ఆ పై వచనం ఎప్పుడూ వెయ్యరు. గులాబీల కింద అది బాగోదు.

నా సంగతి చెబుతాను. మా సంఘానికి నేను తొమ్మిదేళ్లు కోశాధికారిగా ఉన్నాను. ఆరాధన అయ్యాక అందరూ వేపచెట్టు కింద నిలబడి కబుర్లు చెప్పుకుంటుంటే నేను లోపల గదిలో చిల్లర లెక్కపెట్టేవాణ్ణి. కరెంటు బిల్లు, సున్నం ఖర్చు, అయ్యగారి జీతం, తప్పిపోయిన రసీదు పుస్తకం. ఎవరి కానుక కవరులో ఎంత ఉందో తెలిసినవాడికి ఆ మనిషి సాక్ష్యం చెబుతుంటే వినడం కష్టం. మనసు లెక్క వేస్తుంది. ఇన్ని మేళ్లు పొందినవాడు ఇంతేనా ఇచ్చేది అని. గుడికోసం ఎక్కువ పనిచేసింది నేను. గుడిలో తక్కువ ఆనందం ఉన్నదీ నాకే.

తప్పిపోయిన కుమారుడి కథలో పెద్దకొడుకు ఉన్నాడే, ఆయన నాకు బాగా దగ్గరి చుట్టం. పాపం, ఆయన పొలం నుంచే వస్తున్నాడు. పని చేసి వస్తున్నాడు. ఇంట్లో వాయిద్యాలు, నాట్యం వినబడుతుంటే పనివాణ్ణి పిలిచి సంగతేమిటని అడిగాడు గానీ లోపలికి పోలేదు. ఆ కథ ఉన్న 15వ అధ్యాయం మొత్తాన్ని లూకా తన సువార్తలో ఒకే పద్ధతిలో రాశాడు. గొర్రె దొరికిన కాపరి స్నేహితుల్ని, ఇరుగుపొరుగువాళ్లని పిలిచాడు. నాణెం దొరికిన ఆవిడ చెలికత్తెల్ని పిలిచింది. తండ్రి కొవ్విన దూడని కోయించాడు, దూడని ఒక్కడూ కూర్చుని తినలేడు కదా. అక్కడ ఎవరూ ఒంటరిగా ఆనందించరు. ఆనందించనివాడొక్కడే బయట ఒంటరిగా నిలబడతాడు.

ఆ రోజుల్లోనే సంఘంలో ఇంకో పెద్దతో నాకు మాటలు పోయాయి. కారణం వింటే నవ్వుతారు. గుడికి కొత్త మైకుసెట్టు కొనాలా, పాతదాన్ని బాగుచేయించాలా అని. నేను ఖర్చు దగ్గర గట్టివాణ్ణి, ఆయన చప్పుడు దగ్గర గట్టివాడు. కమిటీలో మాటా మాటా పెరిగింది. రెండేళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నెలనెలా ప్రభువు బల్లలో మాత్రం ఇద్దరం చెయ్యి వేశాం. ఆయన ఎడమ వరస, నేను కుడి వరస. రెండిళ్ల అవతలే వాళ్ల ఇల్లు. కాబట్టి యువొదియ, సుంటుకే ఆడవాళ్లే అయి ఉండాలని రూలేం లేదు.

ఒక రాత్రి 51వ కీర్తన చదువుతూ ఒక చోట ఆగిపోయాను. బత్షెబ విషయంలో చేసిన పాపాన్ని నాతాను ప్రవక్త మొహం మీదే చెప్పాక దావీదు చేసిన ప్రార్థన అది. అందులో రక్షణ వల్ల కలిగే ఆనందాన్ని తనకి తిరిగి ఇమ్మని అడుగుతాడు. తిరిగి ఇమ్మన్నాడంటే పోయిందనేగా. రాజు, కీర్తనకారుడు, దేవుడికి ఇష్టుడు. ఆయనే నా ఆనందం పోయింది అని రాసి, దాన్ని గాయకులకి ఇచ్చాడు. జనం పాడుకోవడానికి. మన సాక్ష్యాల కూడికల్లో ఇలాంటి మాట వినబడుతుందా? ఉద్యోగం వచ్చినవాళ్లు లేస్తారు, వీసా వచ్చినవాళ్లు లేస్తారు, జ్వరం తగ్గినవాళ్లు లేస్తారు. లేవాల్సిందే, స్తోత్రం. కానీ, ఆరు నెలలుగా ప్రార్థనకి కూర్చుంటే గోడతో మాట్లాడినట్టుంది, నాకోసం ప్రార్థించండి అని లేచి చెప్పిన మనిషిని నేను నా జీవితంలో ఒక్కసారే చూశాను. ఆవిడ కూర్చున్నాక అయ్యగారు గబగబా తర్వాతి పాట నంబరు చెప్పేశారు.

ఏలీయా ప్రవక్త సంగతీ అంతే. కర్మెలు కొండ మీద అంత విజయం చూసినవాడు, ఆ తర్వాత కొద్ది రోజులకే బదరీవృక్షం కింద కూలబడి చావు కోరుకున్నాడు. దేవుడు ఆయనకి ప్రసంగం చెప్పలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. హోరేబు చేరాక ఏలీయా ఒకే మాట రెండుసార్లు అన్నాడు, నేనొక్కణ్ణే మిగిలానని. దేవుడు చెప్పిన లెక్క 7,000 మంది. ఒకటి ఎక్కడ, 7,000 ఎక్కడ! అది దిగులులో ఉన్నవాడి లెక్క. నాలాంటి కోశాధికారి లెక్క.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. వారాల తరబడి నిద్ర లేకపోవడం, తిండి సయించకపోవడం, బతకాలని లేకపోవడం, ఇవి భక్తి తక్కువైన గుర్తులు కావు. అది జబ్బు కావచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్లండి, లేదా ఇంట్లో వాళ్లు తీసుకెళ్లండి. ఏలీయాకి రొట్టె పంపినవాడు మందుబిళ్లలకి కోపగించుకోడు. పోతే, జబ్బు కాని చీకటి కూడా ఉంటుంది. మదర్ థెరిసా 1997లో కన్నుమూశారు. పదేళ్లకి, 2007లో ఆమె ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. దేవుడు తనకి దూరమైపోయినట్టు, లోపలంతా ఖాళీగా ఉన్నట్టు ఏళ్ల తరబడి ఆమె తన ఆత్మీయ సలహాదారులకి రాసుకున్నారు. ఆ రోజుల్లోనే కలకత్తా వీధుల్లో ఆమె నవ్వు చూసినవాళ్లు ఎందరో. ఆ నవ్వు నటన అని కొందరు రాశారు. నాకలా అనిపించదు. ఆమె పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరు ఉన్నారు, కడగాల్సిన పుండుతోనో, పట్టుకోవాల్సిన చెయ్యితోనో.

మనకి పాటల పుస్తకం ఉంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. చాలా పాటల నెత్తిన రాగం, తాళం పేర్లుంటాయి. పురుషోత్తమ చౌదరి గారి లాంటివాళ్లు 19వ శతాబ్దంలోనే సువార్తని మన రాగాల్లోకి, మన తాళాల్లోకి దించారు. ఆ పాటల్ని పల్లెటూరి కూడికలో, కంజీర మీద పాడుతుంటే వినాలి. చరణం ఒకరు చెబుతారు, పల్లవి అందరూ అందుకుంటారు. ఆ కట్టుబాటులో ఒక సౌకర్యం ఉంది. గొంతు పూడుకుపోయినవాడు పల్లవి దగ్గర ఊరుకున్నా పాట ఆగదు. ఈ వారం నేను ఊరుకుంటాను, నువ్వు పాడు. పై వారం నీ ఇంట్లో చావు జరిగితే నువ్వు ఊరుకో, నేను పాడతాను. ఇప్పుడు కీబోర్డు, డ్రమ్స్ వచ్చి, వేదిక మీద నలుగురు పాడుతుంటే మనం స్క్రీను చూస్తున్నాం. సంగీతం బాగుపడింది, కాదనను. అందుకోవడం తగ్గింది.

ఇలా ఒకరి తర్వాత ఒకరు అందుకున్న సంగతి ఇంకొకటి చెబుతాను. ఒంగోలు ఊరి పక్కన ఒక కొండ ఉంది. ప్రార్థన కొండ అంటారు. 1854 జనవరి 1న, తెల్లవారకముందే, అయిదుగురు ఆ కొండెక్కారు. నెల్లూరు నుంచి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగువాళ్లు. 1836లో మొదలైన ఆ మిషను అప్పటికి దాదాపు ఏ ఫలితమూ చూపలేదు. ఖర్చు దండగ, మూసేద్దామని అమెరికాలో పెద్దలు ఒకటికి రెండుసార్లు అనుకున్నారు. చేతిలో చూపించడానికి ఏమీ లేని అయిదుగురు చలిలో రాళ్ల మీద మోకరించి, కింద కనబడే పల్లెల కోసం ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించారు. ఆ తర్వాత 12 ఏళ్లకి గానీ ఒంగోలులో మిషను పని స్థిరపడలేదు. 1866లో మిషనరీ జాన్ క్లౌ అక్కడికి వచ్చాడు. అదే ఏడు తాళ్లకొండపాడుకి చెందిన తోళ్ల వ్యాపారి యెర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. అప్పటికే యోగమార్గంలో దేవుణ్ణి వెతుకుతూ తిరిగిన మనిషి పేరయ్య. తనకి దొరికిన సంగతిని ఆయన ఇంట్లో దాచుకోలేదు. చుట్టుపక్కల మాదిగపల్లెలన్నీ కాలినడకన తిరిగి చెప్పాడు. గొర్రె దొరికిన కాపరి లాగే.

1876 నుంచి 1878 దాకా కరువు. ధాత కరువుగా మన పెద్దలు చెప్పుకున్నది అదే. గంజికోసం ఊళ్లు ఖాళీ అయ్యాయి. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల ముక్కని గుత్తకి తీసుకుని పల్లెల జనానికి పని ఇచ్చాడు. తట్టలు మోసి మోసి జనం కూర్చున్నప్పుడు బోధకులు వాళ్ల పక్కన కూర్చునేవారు. బాప్తిస్మం ఇమ్మని ఎంతోమంది అడిగారు. క్లౌ ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారనే మాట రాకూడదని ఏడాదికి పైగా ఆపాడు. గుత్త పని ముగిసి, ఇక ఆయన చేతిలో పెట్టడానికి ఏమీ లేదని తెలిశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది ఒక్కరోజున బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారుతూ నీళ్లలో నిలబడ్డారు.

ఆ అంకె చెప్పుకుని మురిసిపోవడం మనకి అలవాటు. నేనైతే అంకె పక్కన పెడతాను. ఆ నది ఒడ్డున నిలబడినవాళ్లలో పోయిన ఏడాది కొడుకునో, తల్లినో పూడ్చిపెట్టని ఇళ్లు ఎన్ని ఉంటాయి? కడుపునిండా తిని ఎన్నాళ్లయి ఉంటుంది? ఊరి బావి దగ్గరికి రానివ్వని మనుషులు అందరూ ఒకే నీళ్లలోకి దిగారు. దుఃఖం పోయాక వచ్చినవాళ్లు కారు, దుఃఖంతో వచ్చారు. ఒక్కొక్కరుగా కూడా రాలేదు, పల్లెకి పల్లె వచ్చింది.

నెహెమ్యా గ్రంథంలో ఇలాంటి జనమే కనబడతారు. ధర్మశాస్త్రం చదువుతుంటే పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా నిలబడి విని, ఏడ్చారు. ఏడవొద్దు, యెహోవాలో ఆనందించడమే మీకు బలం అని వాళ్లకి చెప్పారు. ఈ మాట కూడా మన క్యాలెండర్ల మీద ఉంటుంది. దానికి ముందున్నది మాత్రం ఉండదు. వెళ్లి మంచి భోజనం చెయ్యండి, తియ్యటివి తాగండి, ఇంట్లో ఏమీ వండుకోనివాళ్లకి వాళ్ల వాటా పంపండి అని ఉంది. అక్కడా అన్నీ ‘డి’లే.

మా వీధిలో ఒక అవ్వ ఉండేది. పూర్వం ఇంటింటికీ వెళ్లి వాక్యం చెప్పే బైబిల్ ఉమెన్‌గా పనిచేసింది. చూపు తగ్గాక బైబిలు చదవడం మానేసి ప్రార్థన మిగుల్చుకుంది. ఆమె ప్రార్థన చేసే పద్ధతి వేరు. కళ్లు మూసుకుని మా వీధి మొదటి ఇంటి దగ్గర బయలుదేరేది. ఆ ఇంటి వాళ్ల పేర్లు, పరీక్ష రాసే పిల్ల, కట్టిన గేదె, బాకీ, అన్నీ చెప్పి, ప్రభువుకి వందనం చెప్పి, రెండో ఇంటికి వెళ్లేది. మన ఇల్లు వచ్చేదాకా ఓపిక పట్టాలి.

ఆ పెద్దతో నాకు మాటల్లేని రోజుల్లోనే, ఒక కోత పండుగకి అవ్వ తన పూరింటి మీద పాకిన సొరపాదు నుంచి ఒక కాయ కోసి తెచ్చింది. మూరెడు పైనే ఉంది. ఆరాధన అయ్యాక కానుకలు వేలం వేస్తారని మీకు తెలుసు. అయ్యగారు సొరకాయ ఎత్తి చూపించారు. యాభై అన్నాను. అరవై అని ఎడమ వరస నుంచి వినబడింది. ఆ గొంతు నాకు తెలుసు. వంద అన్నాను. నూట యాభై. రెండొందలు. ఇంకెవరూ పాడటం లేదు. గుడంతా నిశ్శబ్దం. ఇది సొరకాయ వేలం కాదని అందరికీ తెలిసిపోయింది. ఆరొందలు దాటింది. అప్పుడు ముందు వరసలో అవ్వ నవ్వడం మొదలుపెట్టింది. పళ్లులేని నోటితో, పొట్ట పట్టుకుని. ‘‘ఏందయ్యా ఇది! రూపాయి గింజయ్యా అది!’’ అంది. ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఎవరు నవ్వారో, ఎవరు నవ్వలేదో చెప్పలేను. అయ్యగారు సొరకాయ భుజాన వేసుకుని నవ్వుతున్నారు. తొమ్మిదొందలు అన్నాడాయన, నవ్వుతూనే. నేను లెక్కలు చూసేవాణ్ణి, ఆగిపోయాను.

సాయంత్రం దీపాల వేళకి మా గుమ్మంలో ఆయన నిలబడి ఉన్నాడు. చేతిలో న్యూస్‌పేపరులో చుట్టిన సగం సొరకాయ.

‘‘ఇంత కాయ మేమిద్దరం ఏం తింటాం మాస్టారూ’’ అన్నాడు.

నాకు మాట రాలేదు. మా ఆవిడే ‘‘లోపలికి రా అన్నయ్యా, టీ పెడతాను’’ అంది. కూర్చున్నాడు. వర్షాల గురించి, మిర్చి ధర గురించి మాట్లాడుకున్నాం. మైకుసెట్టు మాట ఇద్దరం ఎత్తలేదు. అది ఇప్పటికీ తేలలేదు లెండి.

ఆయన వెళ్లాక మా ఆవిడ సొరకాయ పప్పు చేసింది. ఒక గిన్నెలో పోసి, మూతపెట్టి, అవ్వకి ఇచ్చి రమ్మంది. నేను వెళ్లేసరికి అవ్వ కిరసనాయిలు దీపం ముందు కూర్చుని ప్రార్థనలో ఉంది. అప్పుడే మొదటి ఇల్లు దాటుతోంది. గిన్నె చేతిలో వేడిగా ఉంది. గుమ్మంలోనే నిలబడ్డాను. ఆమె ఆయన ఇంటి దగ్గరికి వచ్చింది. ఆయన పేరు, ఆయన భార్య పేరు, హైదరాబాదులో ఉన్న కొడుకు పేరు చెప్పింది. తర్వాత ఇల్లు. ఆ తర్వాత ఇల్లు. అవ్వ మా ఇంటికి చేరేదాకా కదలకుండా అలాగే నిలబడ్డాను.